రోమన్ చక్రవర్తిది ఏ ఊరి యాస?

మొన్న సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక గ్లాడియేటర్ రెండో పార్ట్ పెట్టుకున్నాం. డెంజెల్ వాషింగ్టన్ వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడాడో లేదో వీడు రిమోట్ లాక్కుని ఆపేశాడు.

"ఏటి బావా, ఈడు అమెరికావోడిలా మాటాడతన్నాడు? రోమనోడు కదా?"

"మరి రోమనోడు ఎలా మాట్లాడాల్రా?"

"అంటే..." అని కాసేపు ఆగాడు. "బ్రిటీషోడిలా" అన్నాడు. అనేశాక వాడికే నవ్వొచ్చింది.

సినిమా మళ్లీ పెట్టాం, అయిపోయింది, పండగైపోయి వాడు ఊరెళ్లిపోయాడు కూడా. నేను మాత్రం ఆ "అంటే..." దగ్గరే ఉండిపోయాను. రోమ్‌లో మాట్లాడింది లాటిన్, చదువుకున్నవాళ్లయితే గ్రీకు కూడా. ఇంగ్లీషు అనే భాషే అప్పటికి పుట్టలేదు. ఆ లెక్కన బ్రిటిష్ యాసైనా అమెరికన్ యాసైనా మా నరసన్నపేట యాసైనా రోమ్‌కి ఒకటే దూరం. అన్నీ తప్పే అయినప్పుడు ఒక తప్పు మనకి అసలు తప్పులాగే అనిపించకుండా, ఇంకో తప్పు మాత్రం అన్నంలో రాయిలా ఎందుకు తగులుతుంది?

తమాషా ఏంటంటే డెంజెల్ వేసిన మాక్రినస్ చరిత్రలో నిజంగా ఉన్నవాడే. సినిమాలో కథ వేరే అల్లారు గానీ అసలు మనిషిది ఉత్తర ఆఫ్రికా, ఇప్పుడు అల్జీరియాలో షెర్షెల్ అంటున్న ఊరు. సెనేటర్ కూడా కాకుండానే 217లో చక్రవర్తి అయ్యాడు, ఏడాదిన్నర కూడా నిలవలేదు. ఆ కొలువులో మిగతా పెద్దమనుషుల్లా కాకుండా వేరేగా మాట్లాడే మనిషి ఒకడు ఉండాలంటే అది మాక్రినసే అయ్యుండటానికి అవకాశం ఎక్కువ. డెంజెల్ తన న్యూయార్క్ గొంతు మార్చుకోకపోవడం వల్ల, కావాలని చేశాడో బద్ధకించాడో గానీ, సినిమాలో ఆ ఒక్క సంగతి కుదిరిపోయింది.

మరి సినిమాలో రాజులు గెటా, కరకల్లాల సంగతి? గెటాగా వేసిన జోసెఫ్ క్విన్ లండన్ కుర్రాడు, అతని గురించి ఎవరూ కిక్కురుమనలేదు. అసలు గెటా వాళ్ల నాన్న సెప్టిమియస్ సెవెరస్‌ది లిబియా తీరంలో లెప్టిస్ మాగ్నా. అమ్మ జూలియా డోమ్నాది సిరియా. అన్న కరకల్లా పుట్టింది ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న లియోన్‌లో. సెవెరస్‌కి ముసలితనం వచ్చేదాకా ఆఫ్రికా యాస పోలేదని హిస్టోరియా ఆగస్టా అనే పాత పుస్తకంలో ఉంది. ఆయన తోబుట్టువు ఒకావిడ లెప్టిస్ నుంచి చూడ్డానికొస్తే ఆవిడకి లాటిన్ సరిగ్గా రాకపోవడంతో ఆయన సిగ్గుపడిపోయి, బోలెడు కానుకలిచ్చి ఊరికి పంపించేశాడట. ఆ పుస్తకం సగం పుకార్ల పుట్ట, నమ్మడం కష్టమే. కానీ పుకారైనా సరే, పుట్టిందంటే రాజుగారి యాస గురించి జనం చెప్పుకునేవాళ్లనేగా.

బ్రిటిష్ యాస ఎంత పాతదని

రోమన్ అంటే బ్రిటిష్ అనే లెక్క సినిమా వాళ్లు వేసింది. 1960లో స్పార్టకస్ చూడండి, రోమన్ పెద్దలు లారెన్స్ ఒలీవియే, చార్ల్స్ లాటన్, పీటర్ ఉస్తినోవ్, అందరూ ఇంగ్లండ్ వాళ్లే. బానిసలు కర్క్ డగ్లస్, టోనీ కర్టిస్, అచ్చమైన అమెరికా. అంతకు ముందు ఏడాది బెన్‌హర్‌లో కూడా అంతే, రోమ్ కింద నలిగే యూదుడు చార్ల్టన్ హెస్టన్‌ది అమెరికా గొంతు. అమెరికా ప్రేక్షకుడికి సామ్రాజ్యం అంటే 1776కి ముందు తమ నెత్తిన కూర్చున్నవాడే మరి, ఆ గొంతు వినగానే ఎవరి మీద కోపం రావాలో ఎవరూ చెప్పక్కర్లేదు. 1988లో స్కోర్సేసీ ఏసు మీద తీసిన సినిమాలో ఏసుని పట్టిచ్చిన యూదా న్యూయార్క్ గల్లీలో పెరిగినవాడిలా మాట్లాడితే రోమన్ గవర్నర్ పిలాతుగా డేవిడ్ బోవీ నెమ్మదిగా ఇంగ్లండ్ మర్యాదలో మాట్లాడతాడు. 2011లో ది ఈగిల్ వచ్చేసరికి తిరగేశారు, అందులో రోమన్లే అమెరికన్లు, వాళ్లు ఆక్రమించిన నేల మీద బ్రిటన్లు బ్రిటిష్‌గానే మాట్లాడతారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ తర్వాత తీసిన సినిమా కాబట్టి ఎందుకో వేరే చెప్పాలా.

దీన్ని బట్టి నాకు అర్థమైంది ఏంటంటే ఈ యాసలకీ రోమ్‌కీ ఏ చుట్టరికమూ లేదు, సినిమా తీసిన ఏడాదికీ తీసిన దేశానికీ ఉంది.

పైగా ఆ "పాతగా" వినిపించే బ్రిటిష్ యాస ఉంది చూశారూ, అది పెద్ద పాతదేం కాదు. పదం చివర, హల్లుకి ముందు ర పలకడం దక్షిణ ఇంగ్లండ్ పెద్దలు మానేసింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. అంటే నిజాం 1766లో మా ఉత్తర సర్కారుల్ని కంపెనీకి రాసిచ్చేసిన రోజుల్లో అది ఇంకా తయారవుతూ ఉన్న సరుకు. 1599లో లండన్ స్టేజీ మీద షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ ఆడినవాళ్లు ర‌లన్నీ పలికే ఉంటారు, ఆ ఒక్క విషయంలో వాళ్లు ఇవాళ్టి బీబీసీ వాడి కంటే అమెరికా వాడికే దగ్గర. ఇక లాటిన్ వాళ్లయితే ర‌ని నాలుక ఆడించి మనలా పలికేవాళ్లు, కుక్క గుర్రుమన్నట్టు ఉంటుందని దానికి కుక్క అక్షరం అని పేరు కూడా ఉండేది. సిసెరో అనే రోమన్ వక్తని కికెరో అనేవాళ్లు. సీజర్‌ని కైసర్ అనేవాళ్లు. ఆ లెక్కన ర విషయంలో రోమ్‌కి దగ్గర వాడు మా బావమరిదే.

మొదటి గ్లాడియేటర్‌లో నన్ను ఎప్పుడూ గిల్లే విషయం ఇంకోటుంది. అందరూ హీరో మాక్సిమస్‌ని "స్పానియార్డ్, స్పానియార్డ్" అని పిలుస్తారు, స్టేడియం అంతా అదే కేక. కానీ రసెల్ క్రో గొంతులో స్పెయిన్ ఎక్కడా ఉండదు, ఆస్ట్రేలియాలో పెరిగిన మనిషి జాగ్రత్తగా ఇంగ్లండ్ వైపు జరిగి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆయన స్పానిష్ యాస పెట్టి చేద్దామనుకున్నాడట, వద్దన్నారట. వద్దనడమే మంచిదైందేమో, ఇప్పటి స్పానిష్ యాసకీ అప్పటి స్పెయిన్‌కీ సంబంధం లేదు, అది వేరే కామెడీ అయ్యేది. కానీ స్పెయిన్ వాడి లాటిన్ రోమ్‌లో వేరేగా వినిపించేదన్నది నిజం. కార్డోబా కవుల మాట ఏదో బండగా, పరాయిగా ఉంటుందని సిసెరో కోర్టులో నిలబడి అన్నాడు. స్పెయిన్‌లో స్థిరపడిన కుటుంబం వాడు హాడ్రియన్, కుర్రతనంలో చక్రవర్తి సందేశం సెనేట్‌లో చదివితే వాడి పల్లెటూరి ఉచ్చారణకి సెనేటర్లు నవ్వారట, ఆ తర్వాత కూర్చుని లాటిన్ దిద్దుకున్నాడట. తర్వాత ఆ సెనేటర్లందరికీ చక్రవర్తి అయి కూర్చున్నాడనుకోండి.

టమాటాలమ్మ

నేను హైదరాబాద్ వచ్చి పధ్నాలుగేళ్లు. మొదట్లో ఒక ఆఫీసులో పనిచేసేటప్పుడు యాస తగ్గించుకోమని మాకు ట్రైనింగ్ ఇచ్చారు, అది ఇంగ్లీషుకి. తెలుగుకి ట్రైనింగ్ ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. "ఏటి" మానేశాను. "ఎల్లొస్తాను" మానేశాను. వాక్యం చివర సాగదీయడం మానడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. ఇప్పుడు కొత్తవాళ్లు ఎవరైనా "మీది శ్రీకాకుళమా? అస్సలు తెలీదండీ" అంటారు. సిగ్గు విడిచి చెప్తున్నా, ఆ మాట వింటే లోపల ఒక సంతోషం వస్తుంది, వెంటనే ఆ సంతోషం మీద చిరాకూ వస్తుంది.

పోయిన నెల్లో రైతుబజార్‌కి వెళ్లాను. ఒకావిడ టమాటాలు కుప్ప పోసి కూర్చుంది, అరవై దాటి ఉంటాయి, నోట్లో పాన్. "కేజీ ఎంతమ్మా?" అన్నాను. అంతే, మూడే ముక్కలు. ఆవిడ తలెత్తి, "శ్రీకాకులమా సార్ మీది?" అంది. నేను బిత్తరపోయి అవునన్నాను. "మా గల్లీల ఉంటరు మీవోల్లు, మేస్త్రీ పనికొచ్చిన్రు" అని, "నలభై సార్, తక్కువ రాదు" అంది. టమాటాలు తీసుకుని బండి దాకా వచ్చేలోపు ఆ మూడు ముక్కలూ మనసులో పదిసార్లు అనుకుని చూసుకున్నాను, ఎక్కడ దొరికిపోయానా అని. "అమ్మా" దగ్గరే అయ్యుండాలి.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఇదే కథ సిసెరో రాశాడు. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ అని, లెస్బోస్ దీవి వాడు, జీవితమంతా ఏథెన్స్‌లోనే గడిపాడు, ఆయన కంటే బాగా మాట్లాడేవాడు లేడని పేరు. ఒకరోజు ఏథెన్స్‌లో ఒక ముసలావిడని ఏదో వస్తువు ధర అడిగితే ఆవిడ "ఇంతకు తక్కువ రాదు, పరదేశీ" అందట. అన్నేళ్లు ఉండి అంత బాగా మాట్లాడినా పరాయివాడినని తెలిసిపోయిందే అని ఆయన బాధపడ్డాడట. రెండువేల మూడొందల ఏళ్లు, ఆ బేరం మాత్రం మారలేదు.

"అస్సలు తెలీదండీ" అనే మెచ్చుకోలు కూడా అప్పటిదే. స్టేషియస్ అనే కవి లెప్టిస్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిని పొగుడుతూ నీ మాటలో ఆఫ్రికాలోని కార్తేజ్ వాసన లేదు, వేషంలో లేదు, మనసులో లేదు, నువ్వు ఇటలీవాడివి, ఇటలీవాడివి అని రెండుసార్లు అంటాడు. ఆ పెద్దమనిషి పేరు కూడా సెప్టిమియస్ సెవెరస్సే, పైన చెప్పిన చక్రవర్తికి ఒకటి రెండు తరాల ముందువాడు, ఆ కుటుంబమే అంటారు. ఆయన ఆ పద్యం విని ఏమనుకున్నాడో నాకు తెలుసనే అనిపిస్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. ప్రాచీన ప్రపంచం అంతా యాసలే. చెవులు రిక్కించి యాస పట్టేవాళ్లు, దాచుకునేవాళ్లు, వెక్కిరించేవాళ్లు, ఎన్నేళ్లయినా పోనివాళ్లు. సినిమా వాళ్లు ఆ కాలాన్ని చూపించేటప్పుడు చెప్పులు కుట్టిన తీరు దాకా పరిశోధన చేసి, అందరి నోట్లోనూ ఒకటే ఉతికి ఇస్త్రీ చేసిన ఇంగ్లీషు పెడతారు. నా గొడవ బ్రిటిషా అమెరికనా అని కాదు, అందరూ ఒక్క ఊరి వాళ్లలా ఉండటం మీద.

అలెగ్జాండర్‌ని వెనకేసుకొస్తాను

అందుకే 2004లో ఆలివర్ స్టోన్ తీసిన అలెగ్జాండర్ అంటే నాకు అభిమానం. సినిమాగా అది అక్కడక్కడా నిద్రపుచ్చుతుంది, కాదనను. కానీ కొలిన్ ఫారెల్ తన ఐరిష్ గొంతుతోనే అలెగ్జాండర్ వేస్తే ప్రపంచమంతా నవ్వింది, ఆ నవ్వు మీద నాకు అభ్యంతరం. అది పొరపాటున జరిగింది కాదు. అమెరికా వాడైన వాల్ కిల్మర్ కూడా తండ్రి ఫిలిప్ వేషంలో ఆ ఐరిష్ వాసన తెచ్చుకున్నాడు, మాసిడోనియా సైనికులు చాలామంది అటు వైపే మాట్లాడతారు, పాఠం చెప్పే అరిస్టాటిల్ మాత్రం నిఖార్సైన స్టేజీ ఇంగ్లీషు. ఎందుకంటే ఏథెన్స్ కళ్లలో మాసిడోనియా వాళ్లు కొండ మీద మోటుగాళ్లు. ఫిలిప్ గ్రీకూ కాడు, కనీసం చెప్పుకోదగ్గ చోటు నుంచి వచ్చిన అనాగరికుడు కూడా కాడు అని ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ నోటికొచ్చినట్టు తిట్టాడు. లండన్‌కీ డబ్లిన్‌కీ మధ్య ఉన్న చరిత్ర తెలిసినవాడికి ఆ చూపు ఒక్క మాటలో చెవికెక్కేస్తుంది.

అలెగ్జాండర్ తల్లి ఒలింపియాస్‌గా ఏంజెలీనా జోలీ యాస ఎవరితోనూ కలవదు, డ్రాకులా చెల్లెలా అని జోకులేశారు. కానీ ఆవిడ పక్క రాజ్యం ఎపిరస్ నుంచి వచ్చిన కోడలు. ఫిలిప్ మళ్లీ పెళ్లి చేసుకుంటున్నప్పుడు పెళ్లికూతురి బంధువు తాగేసి, ఇప్పటికైనా ఈ రాజ్యానికి సరైన వారసుడు పుట్టాలని మొక్కండి అంటాడు, అలెగ్జాండర్ కప్పు విసురుతాడు. పరాయి కోడలు అన్న మాట ఆ ఇంట్లో ఎంత నిప్పో ఆవిడ నోరు తెరిచిన ప్రతిసారీ వినపడాలి కదా.

ప్లూటార్క్ అనే పాత గ్రీకు రచయిత పుస్తకంలో ఒక చోటుంది, నాకు ఆ సినిమా కంటే అది ఇష్టం. తన సేనాని క్లైటస్‌తో తాగి గొడవపడి ఒళ్లు తెలియని కోపంలో అలెగ్జాండర్ కాపలావాళ్లని కేకేశాడు, ఆ కేక మాసిడోనియా మాటలో వేశాడట, అలా వేశాడంటే పరిస్థితి చేయి దాటిందని అక్కడున్నవాళ్లకి అర్థమైపోయిందట. అది గ్రీకులో యాసా, వేరే భాషా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కొట్టుకోనీండి. అరిస్టాటిల్ దగ్గర చదివి, సగం ప్రపంచాన్ని గెలిచి, కోపమొచ్చేసరికి ఊరి మాట. మా ఆవిడని అడగండి, నాకు నిజంగా కోపమొచ్చిందో లేక నటిస్తున్నానో ఆవిడ ఎలా కనిపెడుతుందో చెప్తుంది.

మరి నౌకరు వేషం ఎవరికి?

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు పక్కన పెట్టాను, ఎందుకంటే నా వాదనకి నాకే ఒక పెద్ద అడ్డం కనపడింది. యాసల్ని మెట్లుగా వాడితే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఒకరు చెప్పాలా? హీరోది పుస్తకం తెలుగు, హీరోయిన్‌ది ఏ ఊరిదీ కాని తెలుగు, రౌడీది తెలంగాణ, పనిమనిషిది శ్రీకాకుళం. దశాబ్దాలు అది చూసే కదా నేను "ఏటి" మింగేసింది. రేపు హాలీవుడ్ కూడా అదే లెక్కలో సెనేటర్‌కి ఆక్స్‌ఫర్డ్, బానిసకి జమైకా ఇస్తే నేను చప్పట్లు కొట్టాలా?

ఏథెన్స్ నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకాల్లో మెగారా వాడు, స్పార్టా ఆడది వాళ్ల వాళ్ల యాసల్లోనే మాట్లాడతారు, ఏథెన్స్ జనం నవ్వడానికే. (ఇంగ్లీషు అనువాదకులు ఆ స్పార్టా ఆవిడకి స్కాట్లండ్ యాస పెట్టేవాళ్లు, 300 సినిమాలో స్కాట్లండ్ వాడైన గెరార్డ్ బట్లర్ స్పార్టా రాజు లియోనిడాస్ అయ్యాడంటే చక్రం తిరిగి అక్కడికే వచ్చింది.) మన సంస్కృత నాటకాలైతే రూలే రాసిపెట్టాయి, రాజుకి సంస్కృతం, రాణికి ప్రాకృతం, శాకుంతలంలో ఉంగరం దొరికిన జాలరికి మాగధి. మృచ్ఛకటికంలో శకారుడు స అనాల్సిన ప్రతిచోటా శ అంటాడు, ఆయన రాజుగారికి బావమరిది వరస, మా వాడితో పోలిక పెట్టకండి. అంటే మెట్లు అప్పుడూ ఉన్నాయి, మెట్లు చూపించకపోతే అబద్ధం, చూపిస్తే ఆ వెక్కిరింతలో మనమూ పాలు పంచుకున్నట్టు.

దీనికి కొందరు చెప్పే మందు అసలు భాషలోనే తీసేయడం. మెల్ గిబ్సన్ ఏసు సినిమా 2004లో అరామిక్, లాటిన్‌లో తీశాడు. తీరా చూస్తే ఆ లాటిన్ చర్చి లాటిన్, ఇటలీ వాళ్ల ఉచ్చారణ, పిలాతు కాలానిది కాదు, పైగా తూర్పు దేశాల్లో రోమన్ అధికారులు జనంతో ఎక్కువగా గ్రీకులో నెట్టుకొచ్చేవాళ్లు. సరే, అదంతా సరిగ్గా చేసినా సబ్‌టైటిల్ చదువుకునే నాకు ఎవడు పల్లెటూరివాడో ఎవడు పట్నంవాడో తెలియదు. పేతురు యేసుని ఎరగనని బొంకినప్పుడు నీ పలుకే నిన్ను పట్టిస్తోంది, నువ్వు గలిలయవాడివే అని పట్టేసుకుంటారు చూడండి, ఆ సీన్ మొత్తం యాస మీద నిలబడి ఉంది, తెరకింద తెల్లక్షరాల్లో అది రాదు. మన డబ్బింగులో అయితే సరేసరి, అందరూ "మహాప్రభూ" తెలుగే.

మన దగ్గర తీసినవీ అంతే. 2017లో గౌతమీపుత్ర శాతకర్ణి వచ్చింది, రాజు గ్రాంథికం గట్టిగా దంచేశాడు, హాల్లో ఈలలు, నేనూ వేశాను. శాతవాహనుల శాసనాలు ప్రాకృతంలో ఉంటాయి, నాసిక్ గుహలో ఆయన తల్లి వేయించింది కూడా. ఆ తెలుగు ఆయనకి ఎంత దూరమో లండన్ ఇంగ్లీషు మాక్సిమస్‌కి అంత దూరం, కానీ మనకి అది రాయిలా తగల్లేదు.

నా అడ్డానికి కాస్త దారి చూపించింది మాత్రం రుద్రమదేవి. అది ప్రాచీనం కాదు, పదమూడో శతాబ్దం, అయినా చెప్తాను. సినిమా జరిగేది ఓరుగల్లులో, ఓరుగల్లు మాట వినపడేది ముఖ్యంగా గోన గన్నారెడ్డి నోట్లో. "గమ్మునుండవోయ్" అని అల్లు అర్జున్ అనగానే హాలు లేచిపోయింది. రాణికి ఆ మాట ఎందుకు లేదు అన్న ప్రశ్న అలాగే ఉంది, నిజమే. కానీ ఆ రోజు ఎవరూ ఆ యాసని చూసి నవ్వలేదు, ఆ యాసతో పాటు నవ్వారు. యాస ఉన్నవాడి చేతిలో కత్తీ కథా రెండూ ఉంటే లెక్క మారిపోతోంది. డెంజెల్ మాక్రినస్‌లో నాకు నచ్చిందీ అదే, ఆ సినిమాని నడిపించేది వాడు, మిగతావాళ్ల ఇస్త్రీ ఇంగ్లీషంతా వాడి ముందు బడిపిల్లల అప్పగింతలా ఉంటుంది.

అయినా నాకు పూర్తిగా ధైర్యం లేదు. మంచి దర్శకుడి చేతిలో అయితే సరే, సోమరి దర్శకుడి చేతిలో పడితే మళ్లీ పనిమనిషే.

ఒక్క సీన్ కోసం

ఎవరైనా తీస్తారేమో అని ఒక సీన్ దాచుకున్నాను. వెస్పాసియన్ చక్రవర్తి, కొలోసియం మొదలుపెట్టించినాయన, ఇటలీలో రియేటె దగ్గర కొండ పల్లెలో పుట్టాడు. బండ్లని ఆయన ప్లోస్ట్రా అనేవాడు, నాటు మాట. కాన్సుల్ అనే పెద్ద పదవి చేసిన ఫ్లోరస్ అనే పెద్దమనిషి అది ప్లోస్ట్రా కాదు ప్రభూ, ప్లౌస్ట్రా అనాలి అని దిద్దాడు. చక్రవర్తి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున ఆయన ఎదురైతే "రావయ్యా ఫ్లౌరస్" అని పలకరించాడు. ఓ ఉన్నచోటల్లా ఔ పెట్టమన్నావు కదా అని. గ్రీకులో ఫ్లౌరోస్ అంటే పనికిమాలినవాడు.

నిన్న ఫోన్లో ఇది మా బావమరిదికి చెప్పాను. పడీపడీ నవ్వాడు. "ఆ రాజుకి మన యాస పెట్టీ బావా, సరిపోద్ది" అన్నాడు. పెడదాంలేరా అన్నాను. కాసేపాగి, "మరి ఆ దిద్దినోడికి ఏ యాస పెడతావు?" అని అడిగాడు.

అంటే... అన్నాను నేను.